కొత్త గడ్డ కొండది

మావళ్ళి, బెంగళూరు
2-8-1943

సొన్నక్కకు తమ్ముడు వెంకటేశప్ప నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. వెంకటలక్ష్మికి మోకాలి నొప్పి తగ్గలేదు గాని నన్ను తిట్టే ఓపికకు మాత్రం లోటు లేదు. యుద్ధం పుణ్యాన కిరసనాయిలు దొరకడం లేదు కాబట్టి చీకటి పడేలోగా వంట, భోజనం, తిట్లు మూడూ ముగించుకుంటున్నాం. ఆవులప్ప బావ రాగిచేలో కలుపు తీయించాడా?

అసలు సంగతికి వస్తాను. మా సర్కారు తోట ఆఫీసువాళ్ళు ఈ సీమ కొండల మీద పెరిగే పూలమొక్కల గురించి ఒక పుస్తకం వేస్తున్నారు. పటాలు గీసే పని నాది. మొన్న మాటల్లో మా పై అధికారితో మన ఒంటిగుండు కొండ మీద వానాకాలంలో పూసే తెల్లకొంగ పువ్వు గురించి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ జాతి పువ్వు ఆ కొండ మీద ఉందని ఇంతవరకు ఎవరూ రాయలేదట. పద్నాలుగేళ్ళ నౌకరీలో ఆయన నా ముందు లేచి నిలబడడం అదే మొదటిసారి.

నేను ఆ పువ్వును చిన్నప్పుడు ఒక్కసారి చూశాను, అంతే. నాన్న మూలికలకు వెళ్ళినప్పుడల్లా నిన్ను కొండకు తీసుకుపోయేవాడు, నన్ను దొడ్డబళ్ళాపురం బడికి తోలేవాడు. కాబట్టి నువ్వే పంపాలి. పువ్వు, ఆకు, కాడ, అడుగున గడ్డతో సహా ఒక మొక్క కావాలి. అది ఎక్కడ పుడుతుంది, ఎలాంటి మట్టి, ఎండా నీడా, చుట్టుపక్కల ఏముంటాయి, అంతా రాయి. ఏదీ వదలొద్దు, పుస్తకంలో అచ్చయ్యే విషయం.

నీ తమ్ముడు
వెంకటేశప్ప

గుండ్లకొత్తూరు, దొడ్డబళ్ళాపురం తపాలా
9-8-1943

తమ్ముడు వెంకటేశప్పను దీవించి సొన్నమ్మ రాసేది.

నాలుగు నెలలకు ఒక ఉత్తరం, అదీ పువ్వు కోసం. పోనీలే, పువ్వు కోసమైనా అక్క గుర్తుకొచ్చింది. మీ బావ కలుపు తీయించలేదు, నేనే తీశాను. ఆయన గట్టు మీద కూర్చుని జపానువాళ్ళు ఎంతవరకు వచ్చారో వచ్చేపోయేవాళ్ళను అడుగుతుంటాడు.

గొర్రెల మారప్ప కంబళ్ళు అమ్మడానికి పేటకు వస్తున్నాడు. అతని చేత మొక్క పంపుతున్నాను. తడిగుడ్డ చుట్టి వెదురుబుట్టలో పడుకోబెట్టాను. బొగ్గుతో నడిచే ఆ బస్సు దారిలో మొరాయించకపోతే వాడకుండానే చేరుతుంది. గడ్డ నాన్న పద్ధతిలోనే తీశాను.

ఇక నువ్వు అడిగినవి. అది చెట్ల నీడన పుట్టదు, చదునునేలలో అసలే పుట్టదు. కొండ భుజం మీద, గడ్డికీ బండకీ మధ్య, వానాకాలమంతా సన్నగా నీళ్ళు ఊరే చోట పుడుతుంది. బండమీద పట్టిన నల్లమట్టి జానెడు లోతుంటే చాలు. నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది, ఊట ఆగితే ఎండుతుంది. పొద్దుటి ఎండ పడాలి, మధ్యాహ్నం బండ నీడ రావాలి. తొలకరికి మొలక వస్తుంది. నడుమెత్తు కాడ, దాన్ని చుట్టుకొని ఆకులు, కింద పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. శ్రావణంలో తలమీద మూడో నాలుగో పూలు. ఒక్కొక్కటి నా అరచెయ్యంత. కింది రెక్క మూడు పాయలు, పక్కపాయలు రెండూ దువ్వెనపళ్ళలాగా చీలి ఉంటాయి. పువ్వు వెనక జానెడు పచ్చని తోక, దాని అడుగున తేనె. ఆ తేనెను తుమ్మెద అందుకోలేదు, అంత పొడుగు నాలుక ఉన్న పెద్ద రెక్కలపురుగు ఒకటి మునిమాపున వస్తుంది. పగలంతా వాసన ఉండదు. పొద్దు మునిగాక వస్తుంది చూడు, దాన్ని ఎలా రాయాలో నాకు తెలియదు. దీపావళికి కాయ పగిలి గింజ పిండిలాగా గాలికి పోతుంది. ఆ గింజ ఆ మట్టిలో తప్ప మొలవదు. నాన్న మూడుసార్లు కుండలో పోసి చూశాడు.

చోటు చెబుతాను, రాసుకో. ఒంటిగుండు దాటాక ఏనుగుబండను కుడిచేతికి పెట్టుకొని, ఊటచారె వెంట అరవై అడుగులు, ఊటనీళ్ళు జారే ఆ చార పక్కనే, ఎక్కితే, రెండు బండలు ఒకదానికొకటి ఆనుకొని గూడులా ఉంటాయి. దాని వెనక వాలంతా అవే. ఇంకెక్కడా లేవు.

వెంకటలక్ష్మి మోకాలికి ఆముదం కాచి పట్టించు. నువ్వే పట్టించు.

మీ అక్క
సొన్నమ్మ

మావళ్ళి
18-8-1943

అక్కకు,

నమస్కారం తర్వాత పెడతాను, ముందు నా కోపం విను.

మొక్క చేరింది. మూడు రోజులు తల ఎత్తకుండా గీశాను. ప్రతి చీలికా, తోక వంపూ, ఆకు ఈనెలూ. అడుగున నువ్వు పంపిన గడ్డ ఒకటే ఉంది, ముడతలు పడి వడలిపోయినది. ఉన్నది ఉన్నట్టు గీశాను. మా అధికారి పటం చూసి, బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి నా ముందు పడేశాడు. ఈ జాతి మొక్కకు పూసే కాలంలో రెండు గడ్డలు ఉంటాయట, పాతదొకటి కొత్తదొకటి. "పటం గీసినారా, కలగని వేసినారా?" అని గుమాస్తాలందరి ముందు అడిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గడ్డతో సహా పంపమని రాశాను గదా. సగం పీకి సగం వదిలేశావు. రాగిచేను కలుపులాగా పీకితే అలాగే ఉంటుంది. నీకు ఇది ఆటగా ఉన్నట్టుంది, నాకు నౌకరీ. పుస్తకానికి పటాలు అప్పగించడానికి మూడు వారాలే ఉంది. ఇంకో మొక్క రెండు గడ్డలతో తవ్వి వెంటనే పంపు. ఈసారైనా ఒళ్ళు దగ్గర పెట్టుకొని తవ్వు.

నమస్కారం.
వెంకటేశప్ప

గుండ్లకొత్తూరు
22-8-1943

వెంకటేశప్పకు,

నీ నమస్కారం నీ దగ్గరే పెట్టుకో.

కలుపు పీకినట్టు పీకానా? ఆ ఒక్క మొక్క తీయడానికి సగం పూట పట్టింది. వేళ్ళతో మట్టి తోడి, పాత గడ్డనూ కాడనూ విడదీసి, కొత్త గడ్డను కదలకుండా మళ్ళీ మట్టిలో కప్పి, పైన తడిగడ్డి పరిచి వచ్చాను. పాత గడ్డ ఈ ఏటి పువ్వుకు తన బలమంతా పెట్టి వడలిపోతుంది. పక్కనున్న తెల్లటి కొత్త గడ్డలో వచ్చే ఏటి మొక్క ఉంటుంది. దాన్ని తీస్తే ఆ మొక్క పని అయిపోయినట్టే. నాన్న బాలింతలకు మందు ఇచ్చినా పాత గడ్డే నూరి ఇచ్చేవాడు. "పాతది మనది, కొత్తది కొండది" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది, ఇంతవరకు నేను ఒక్క కొత్త గడ్డను కదిలించలేదు. నాన్న పద్ధతి అంటే నీకు తెలుసనుకున్నాను. తెలియకపోవడం నీ తప్పు కాదు. తెలియకుండా తిట్టడం నీ తప్పు.

రెండో గడ్డ కావాలంటే గీసుకో. గుండ్రంగా, తెల్లగా, నిమ్మకాయంత. దానికోసం నేను ఒక మొక్కను చంపను. మీ అధికారికి చెప్పు, గుండ్లకొత్తూరి సొన్నమ్మ ఇవ్వనన్నదని.

సొన్నమ్మ

మావళ్ళి
4-9-1943

అక్కకు నమస్కారాలు.

ఊహించి గీసే పటం మా ఆఫీసులో చెల్లదు. నువ్వు ఇవ్వనన్నంత మాత్రాన కొండ ఎక్కడికీ పోలేదు. వెంకటలక్ష్మి చిన్నాన్న చెన్నరాయప్ప నీకు గుర్తుండే ఉంటాడు, బళేపేటలో మూలికల అంగడి. మూలికలు తవ్వేవాళ్ళు ఆయన దగ్గర ఇద్దరు ఉన్నారు. దారి చెబితే నాలుగు రోజుల్లో మొక్క తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, రెండు గడ్డలతో. సొంత అక్క చేయని సాయం పిల్లనిచ్చినవాళ్ళు చేశారు.

పటం కొత్తగా గీశాను. నా చేతిలోంచి వచ్చినవాటిలో ఇదే మేలైనది, నేనే చెబుతున్నాను. అధికారి చాలాసేపు చూసి "ఇప్పుడు ఇది మొక్క" అన్నాడు. పుస్తకంలో నిండు పేజీ. కింద కొండ పేరు, నువ్వు రాసిన చోటు వివరాలు కూడా అచ్చవుతాయి. మన కొండ పేరు పుస్తకంలోకి ఎక్కుతోంది, నీకు సంతోషం లేదా? కోపం తగ్గించుకో. ఒక మొక్క పోతే వాలు బోసిపోదు.

నీ తమ్ముడు
వెంకటేశప్ప

గుండ్లకొత్తూరు
12-9-1943

వెంకటేశప్పకు,

వాలు బోసిపోయింది.

నిన్న కాయలు పట్టాయేమో చూద్దామని వెళ్ళాను. జ్వరం వచ్చి పదిహేను రోజులు ఇల్లు కదలలేదు. ఊటచారె ఎక్కుతుండగానే మట్టి వాసన వచ్చింది, కొత్తగా దున్నిన మట్టి వాసన. గూడుబండల వెనక అంతా గుంతలు. కాడలు తెంచి కుప్పలు పోశారు, ఆకులూ పూలూ కలిసి కుళ్ళుతున్నాయి. నూటపదమూడు గుంతల దాకా లెక్కపెట్టాను, తర్వాత చేతకాలేదు. నేను ఈ సంవత్సరం పాత గడ్డ తీసి కప్పి వచ్చిన చోట కూడా తవ్వేశారు.

ఒక మొక్క అన్నావు. నీ పటానికి ఎన్ని మొక్కలు కావాలి? లేక నువ్వూ మీ మామా కలిసి అమ్ముకున్నారా? నాన్న నిన్ను కొండకు తీసుకుపోకపోవడమే మంచిదైంది. తీసుకుపోయి ఉంటే ఇరవై ఏళ్ళ క్రితమే వాలు ఖాళీ అయ్యేది. నా ఒళ్ళు మండిపోతోంది. ఇంకా రాస్తే ఏమి రాస్తానో.

సొన్నమ్మ

మావళ్ళి
16-9-1943

అక్కకు,

ఇంతకంటే చెంపమీద కొట్టి ఉంటే బాగుండేది. నేను అమ్ముకున్నానా? నలభైరెండేళ్ళు వచ్చినవాణ్ణి, నాన్న కొడుకుని, నన్ను అనే మాటేనా? నీ ఉత్తరం వెంకటలక్ష్మికి చదివి వినిపించే ధైర్యం కూడా నాకు రాలేదు.

నా బల్ల మీదికి వచ్చింది ఒక్క మొక్క. తవ్వింది అడవిపందులే అయ్యుంటాయి. గడ్డలంటే వాటికి ప్రాణమని ఆఫీసులో అందరికీ తెలుసు. జ్వరంలో పదిహేను రోజులు నువ్వు వెళ్ళలేదన్నావు, ఆ పదిహేను రోజుల్లో ఒక పందుల మంద చాలు. నువ్వు గుంతలు చూసి మనుషులనుకున్నావు. జ్వరం తగ్గాక మళ్ళీ పోయి చూడు, చూసి నాకు క్షమాపణ రాయి. రాసేదాకా నేను ఉత్తరం వేయను.

వెంకటేశప్ప

గుండ్లకొత్తూరు
20-9-1943

వెంకటేశప్పకు,

జ్వరం తగ్గింది. మళ్ళీ పోయి చూశాను. గడ్డలు తిని కాడలను ఒక పక్కన కుప్ప పోసే పందులను నేను చూడలేదు. పార గుర్తులు వదిలే పందులనూ చూడలేదు.

మారప్పను పిలిచి అడిగాను. అతను తల దించుకొని చెప్పినది అలాగే రాస్తున్నాను. "ఆరుమంది వచ్చినారు సొన్నమ్మా, గోనెసంచులు తెచ్చుకొని. రెండు దినాలు గుండురాయి కిందే పండుకొన్నారు. ఎవరప్పా మీరు, ఎవరు పంపినారు అంటే కాగితం తీసి చూపిచ్చినారు. పటాలు గీసే వెంకటేశప్పే రాసిచ్చినాడు, సర్కారు పని అన్నారు. నాకు చదువు రాదు. మీ తమ్ముడి పేరు చెప్పినాక నేనెట్లా అడ్డం పడేది? తాగేదానికి నీళ్ళు గూడా నేనే తెచ్చిచ్చినా."

ఆ కాగితం బండ సందులో పడేసి పోయారు. ఇప్పుడు నా ముందు ఉంది. చేతిరాత నీది, మాటలు నావి. ఏనుగుబండను కుడిచేతికి పెట్టుకొని, ఊటచారె వెంట అరవై అడుగులు. ఒక్క అక్షరం మార్చలేదు. నీకని రాసిన దారిని మూలికల అంగడివాడికి నకలు రాసి ఇచ్చావు. నన్ను క్షమాపణ అడుగుతున్నావు.

మీ బావ ఇప్పటిదాకా నీ తరఫున మాట్లాడేవాడు. కాగితం చూశాక లేచి పొలానికి పోయాడు. మారప్ప రెండు రోజులుగా మా వాకిలి తొక్కడం లేదు. అతని తప్పేముంది? చదువు రానివాడు నీ పేరుకు మర్యాద ఇచ్చాడు.

సొన్నమ్మ

మావళ్ళి
29-9-1943

అక్కా,

నీ ఉత్తరం చదివి నేరుగా బళేపేటకు నడిచాను, అంగీ గుండీలు కూడా పెట్టుకోలేదు. చెన్నరాయప్ప అంగడి దూలానికి దండలు దండలుగా వేలాడుతున్నాయి. దారంతో గుచ్చిన గడ్డలు, పసుపుతెలుపు రంగులో ఎండినవి. నేను గీసిన గడ్డే, నాకు చూడగానే తెలిసిపోయింది.

అరిచాను. అంగడికి వచ్చినవాళ్ళు గుమిగూడారు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఏమన్నాడో తెలుసా? "ఏమల్లుడా, గడ్డ ఉండే చోటు నువ్వే రాసిస్తివి. యుద్ధం వచ్చినాక ఇరాను ఓడలు రాక సాలామిశ్రి గడ్డ కంట చూసి రెండేండ్లాయె. బాలింతలకూ జబ్బుపడి లేచినోళ్ళకూ బలం మందు యాడ తెచ్చేది? ఇది దాని జాతిదే. కొండమీద ఊరికే కుళ్ళేదాన్ని మనుషులకు పెడతా ఉండాను. దాంట్లో తప్పేముండాది?" ఆ మాటలకు ఇంకా మండిపోయింది. దండలన్నీ లాక్కొని సంచిలో కుక్కుకొని వచ్చేశాను. వెంకటలక్ష్మి పుట్టింటికి ఇక మేము పోయే పని లేదు. తను కూడా "పోయేది వద్దు" అంది.

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పందులని రాసినందుకు సిగ్గుగా ఉంది. సంచి మారప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను, అతను పేటలో కనబడి కూడా తల తిప్పుకుంటే చెయ్యి పట్టుకొని ఆపాను. వాన పూర్తిగా ఆగకముందే వీటిని మళ్ళీ వాలులో నాటు. మూడువందల దాకా ఉన్నాయి. సగం బతికినా చాలు.

నీ తమ్ముడు

గుండ్లకొత్తూరు
4-10-1943

వెంకటేశప్పకు,

సంచి అందింది. విప్పి చూసి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఒరే, ఆ గడ్డలను ఉడకబెట్టి గాని దారానికి గుచ్చరు. పచ్చిగా ఎండబెడితే బూజు పడుతుందని వేడినీళ్ళలో ఉడికించి ఆరబెడతారు. అందుకే అవి గాజుపూసల్లా మెరుస్తున్నాయి. ఉడికిన గడ్డ మొలుస్తుందా? రాగిముద్ద నాటితే రాగిపైరు వస్తుందా? పద్నాలుగేళ్ళుగా మొక్కలు గీస్తున్నావు, బతికున్నదేదో చచ్చినదేదో తెలుసుకోలేదు. నీ ముందుకు వచ్చేవన్నీ కోసినవే గదా, ఎలా తెలుస్తుంది?

వాటిని గుంతల్లో వేసి పూడ్చాను. నాటడానికి కాదు.

ఇక ఒకే ఒక్క మాట. ఆ పుస్తకంలో మన కొండ పేరు ఉండకూడదు. చోటు వివరాలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక కాగితం చేసిన పని చూశావు, అచ్చుపుస్తకం ఎన్ని చేతుల్లోకి పోతుందో ఆలోచించు. ఈ పని చెయ్యి. ఇది తప్ప నీ దగ్గరినుంచి నాకు ఏమీ వద్దు. ఉత్తరం కూడా వద్దు.

సొన్నమ్మ

మావళ్ళి
24-8-1944

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం వద్దన్నావు. పది నెలలు నోరు మూసుకున్నాను, ఇక నావల్ల కాదు.

నువ్వు చెప్పిన రోజే అధికారిని అడిగాను, కొండ పేరు తీసేయమని. పుట్టిన చోటు రాయని మొక్క శాస్త్రానికి పనికిరాదన్నాడు. రెండోసారి అడిగాను, బయటికి పొమ్మన్నాడు. మూడోసారి అడగలేదు. పుస్తకం కోసం పేజీలు కట్టే రోజున నా పటాన్నీ, దాని వెనక అంటించిన చోటు వివరాలనూ, మొక్కను ఎండబెట్టి అతికించి బీరువాలో దాచిన ఆ అట్టనూ తీసి ముక్కలు ముక్కలుగా చింపేశాను. ఆయన చూస్తుండగానే చింపాను. దొంగతనంగా చేయడం నాకు ఇష్టం లేకపోయింది. పుస్తకం వచ్చింది, అందులో తెల్లకొంగ లేదు, ఒంటిగుండు కొండా లేదు. నన్ను పటాల పని నుంచి తీసేశారు. ఇప్పుడు తోటలో కుండీలకు పేరుపలకలు రాస్తున్నాను, ఎండలో నిలబడి. జాలి కోసం రాయడం లేదు. నాకూ కోపంగా ఉంది. నీ మీద, చెన్నరాయప్ప మీద, అందరికంటే నామీద.

ఇది శ్రావణం దాటిన కాలం. తొలకరి మంచిగా పడిందని విన్నాను. ఒక్కటే అడుగుతున్నాను. ఏవైనా వచ్చాయా? ఆ మాత్రం తెలుసుకునే హక్కు నాకు ఉంది.

నీ తమ్ముడు
వెంకటేశప్ప

గుండ్లకొత్తూరు
1-9-1944

వెంకటేశప్పను దీవించి అక్క రాసేది.

పటం చింపావని చదివి మీ బావకు వినిపించాను. ఆయన మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. ఎండలో నిలబడేటప్పుడు తలకు గుడ్డ కట్టుకో. నీకు చిన్నప్పటినుంచి ఎండ పడదు.

కానీ కోపం పోయిందనుకోకు. అది పోదు. నువ్వు నా చేత ఏమి చేయించావో విను. ప్రతి మొక్కా ప్రతి ఏడూ పూయదు. కొన్ని బలం చాలక ఒక ఏడంతా తల ఎత్తకుండా మట్టిలోనే పడుకుంటాయి. తవ్వినవాళ్ళు కాడ కనిపించిన చోటే తవ్వారు. పోయిన కార్తీకంలో, గుంతల మధ్య మిగిలిన మట్టిని వేళ్ళతో తోడి తోడి చూశాను. కొన్ని దొరికాయి. వాటిని అక్కడే వదిలేస్తే, దారి తెలిసిన ఆరుమంది మళ్ళీ వస్తారు. అందుకని తీశాను. ఇరవై ఏళ్ళు తాకనివాటిని, కొత్త గడ్డలను, నా చేత్తోనే తవ్వాను. నాన్న ఎదురుగా నిలబడి చూస్తున్నట్టే ఉండింది. తవ్వుతూ నిన్ను తిట్టాను, తిడుతూనే తవ్వాను. ఆ నల్లమట్టిని కూడా గంపతో మోసి, ఇంకో చోట, ఊట ఉండి పొద్దుటెండ పడే చోట కప్పాను. పదకొండుసార్లు ఎక్కి దిగాను. మీ బావకు చెప్పలేదు. మారప్పకు చెప్పలేదు.

వచ్చాయా అని అడిగావు. చెప్పను. కాగితం మీద ఇక ఎన్నటికీ చెప్పను. హక్కు అన్నావు, ఆ మాట ఇంకోసారి రాయకు.

భాద్రపదం దాటకముందే రా. వెంకటలక్ష్మిని కూడా తీసుకురా, నేను కాచిన ఆముదం ఎలా పట్టించాలో చూపిస్తాను. పెన్సిలు, కాగితం ఇంట్లో పెట్టి రా. ఒంటిగుండు దగ్గర నీ కళ్ళకు నా చీరముక్క కడతాను. చెయ్యి పట్టుకొని తీసుకుపోతాను, బండలెక్కేటప్పుడు పడనివ్వను. పొద్దు మునిగేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి. ఏదైనా వాసన వస్తే పీల్చుకో. కట్టు మాత్రం విప్పను. ఎన్ని ఉన్నాయని ఒక్కసారి అడిగినా, అలాగే అక్కడ వదిలేసి ఇంటికి వచ్చేస్తాను.

మీ అక్క
సొన్నమ్మ